పైడమ్మ దుప్పటి

కూర్మనాథ అయ్యవారిని ఏదైనా సందేహం అడిగితే జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ఆ భయానికే ఆశ్రమంలో చాలామంది తమ సందేహాలను తమ దగ్గరే ఉంచుకునేవారు. సన్యాసిరావు మాత్రం పనికి వెనుదీసే రకం కాదు. ఆ ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న అయ్యవారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యవారూ, చెడిపోయినదాన్ని బాగుచేసుకోవడం ధర్మమా, పారేసి కొత్తది తెచ్చుకోవడం ధర్మమా?"

అడిగింది ధర్మం గురించే అయినా, అతని మనసులో ఉన్నది బట్టలారబెట్టే డ్రయ్యరు.

కొండల నడుమ ఉన్న ఆ ఆశ్రమంలో దిక్కులేని ముసలివాళ్ళు ముప్పైమంది ఉండేవారు. అందులో సగం మంది మంచం దిగలేనివాళ్ళు. వానాకాలం వచ్చిందంటే అక్కడ మబ్బు ఏకంగా వసారాలోకే వచ్చి కూర్చుంటుంది. తాడు మీద వేసిన గుడ్డ మూడు రోజులైనా చెమ్మ వదలదు. ఆ డ్రయ్యరు పుణ్యమా అని ఇన్నేళ్ళూ వాళ్ళ పక్కలు పొడిగా ఉన్నాయి. అది కాస్తా తొమ్మిది రోజుల కిందట తిరగడం మానేసింది. సంగతి తెలిసి విశాఖపట్నం నుంచి భక్తుడొకాయన ఫోను చేసి, "మీరు ఊఁ అనండి చాలు, ఎల్లుండికల్లా కొత్తది పంపిస్తాను" అన్నాడు. ఆశ్రమం బాగోగులు చూసే సన్యాసిరావు ఊఁ అనలేదు.

పేరుకు సన్యాసిరావే గానీ, వంగిన మేకును కూడా వదులుకోలేని మనిషి. ఏదీ వృథా పోకూడదని తను పాటించడమే కాక, వచ్చినవాళ్ళందరికీ నూరిపోసేవాడు. డ్రయ్యరును విప్పి, తెగిన బెల్టు స్థానంలో సైకిలు ట్యూబు కోసి బిగించాడు. తిరిగింది గానీ వేడెక్కలేదు. కాలిపోయిన తీగ తీసి కొత్త తీగ చుట్టాడు. వేడెక్కింది గానీ తిరగలేదు. రోజూ "ఇంకొక్క రెండు రోజులు" అంటూ తొమ్మిది రోజులు దాని పక్కనే గడిపాడు. ఇంత పాటుపడినవాడికి అయ్యవారు ఒక మెచ్చుకోలు మాటైనా అనకపోతారా అని అతని ఆశ.

అయ్యవారు తలెత్తి చూశారు. పక్కనున్న గ్లాసు అతని చేతికిచ్చారు.

"ఈ అల్లం కషాయం పైడమ్మకిచ్చి, దుప్పటి సరిగ్గా కప్పి రా నాయనా. పొద్దున చూస్తే ఆవిడ మొహం అదోలా ఉంది."

మంచం పట్టిన ముసలి పైడమ్మ మెడదాకా దుప్పటి లాక్కుని, దాని అంచు రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని పడుకుని ఉంది. సన్యాసిరావును చూసి కంగారుపడింది.

"అక్కడెట్టి ఎల్లు బాబూ. తరవాత తాగుతాన్లే."

దుప్పటి సరిచేసి రమ్మన్నారు కదా, అతను అంచు పట్టుకున్నాడు. ఆవిడ వదల్లేదు. ఆ గుంజులాటలో ఆవిడ చెయ్యి తగిలింది. నిప్పులా కాలిపోతోంది. గాభరాపడి దుప్పటి పక్కకు లాగాడు. పైడమ్మ పొట్ట మీదా గుండెల మీదా ఉతికి పిండిన నాలుగు తడి గుడ్డలు పరిచి ఉన్నాయి. అవి పక్క మంచం మీది గవరమ్మ కింద వేసే గుడ్డలు. గవరమ్మకు మూత్రం మీద అదుపు లేదు.

"ఏంటమ్మా ఇది?"

"దానికి పొడిగుడ్డలు నేవు బాబూ. తడిలోనే తొంగుంటే ఈపంతా ఒరిసిపోనాది." పైడమ్మ తప్పు చేసినదానిలా గొంతు తగ్గించింది. "నువ్వేమో ఆ మిసనుతో నానా పాట్లు పడతన్నావు, మల్లీ నీకేటి సెప్తామని ఊరుకున్నాను. నాకు ఒల్లెలాగూ కాల్తంది కదా, గుడ్డలారిపోయే ఆ ఏడి ఊరికే పోనిత్తామేటి? ఏదీ పోనివ్వొద్దని నువ్వే కదేటి సెప్తావు!"

సన్యాసిరావుకు సిగ్గేసింది. ఈ తొమ్మిది రోజులూ ఈ మంచాల మధ్య నుంచే స్క్రూడ్రైవరు పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు, ఒక్క పక్క మీదైనా చెయ్యి వేసి చూడలేదు. గుడ్డలు ఒక్కొక్కటే తీసి, ఆవిడ ఒళ్ళు తుడిచి, తన రగ్గు తెచ్చి కప్పాడు. గవరమ్మ కిందికి తన పంచెలు మడిచి వేశాడు. కబురందుకుని నర్సు వచ్చి చూసి, ఇంకొక్క రోజు ఆగితే జలుబు ఊపిరితిత్తులకు పాకేదని చెప్పి సూది మందు ఇచ్చింది. అతను వసారాలోకి పోయి విశాఖపట్నం ఫోను చేశాడు. తిరిగొచ్చి, పైడమ్మ కషాయం చివరి గుక్క తాగేదాకా మంచం పక్కనే కూర్చున్నాడు.

సాయంత్రం అయ్యవారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. కొత్తది వస్తోందని చెప్పాడు. కాసేపు నసిగాడు. ఎంతైనా తొమ్మిది రోజుల పొత్తు.

"మరి పాతదాన్ని పారెయ్యమంటారా అయ్యవారూ?"

అయ్యవారు చేతిలోని వత్తి పక్కన పెట్టి, అతని వీపు మీద చెయ్యి వేశారు.

"పారెయ్యడమెందుకు? తీరుబడిగా బాగుచేసుకో నాయనా. దానికి చలి వెయ్యదు."