ఆలస్యంగా రావలసిన కవల

ఆ రోజు మౌక్తిక కాళ్లు నేలమీద ఆనడం లేదు. గోరంత సిలికాన్ చిప్పులోకి లేజర్ కాంతి పంపి, ఫోటాన్లను జంటలుగా పుట్టించాలని కొన్నేళ్లుగా కుస్తీ పడుతోంది పిల్ల. ఒకే క్షణంలో పుట్టే కాంతి కవలలవి. చెరో గాజుతీగలో వెళ్లి, చెరో డిటెక్టర్‌ని ఒకేసారి తట్టాలి.

తట్టాయి! కంప్యూటర్ తెరమీద, రెండు తాకిళ్ల మధ్య సమయం తేడా చూపే గ్రాఫులో, సున్నా దగ్గర నిటారుగా పీక్ లేచింది.

సాయంత్రంలోగా పేపరు పంపాలి. పంపకపోతే ఆమె గడువు ముగిసినట్టే. ల్యాబ్‌లో చోటు పోతుంది, మూటాముల్లె సర్దుకోవడమే.

"సార్, మీరొక్కసారి చూసి సరే అనండి, చాలు," అంది గురువు మస్తాన్‌వలీ గారితో.

ఆయన శభాష్ అనలేదు, కాదనీ అనలేదు. మాటల దగ్గర మహా పిసినారి లెండి. బీరువాలోంచి ఓ గాజుతీగ చుట్ట తెచ్చి, ఒక డిటెక్టర్‌కి వెళ్లే దారిలో కలిపారు.

"ఈ కవలకి దారి పొడుగైందా?"

"అయింది సార్. ఇక కాస్త ఆలస్యంగా వస్తుంది. పీక్ పక్కకి జరగాలి."

"సరే, కూర్చో."

ఇద్దరూ టీ తాగుతూ కూర్చున్నారు. తెరమీద చుక్కా చుక్కా చేరి పీక్ మళ్లీ లేచింది. పాత చోటే. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

కదల్లేదంటే రెండిటినీ జంటగా మోగిస్తున్నది గాజుతీగల్లో వచ్చే కాంతి కాదని మౌక్తికకి తట్టింది. లేచి వెళ్లి బల్ల వెనక చూసింది. రెండు డిటెక్టర్ల కరెంటు తీగలూ ఒకే కట్టగా ఉన్నాయి. పొందిగ్గా ఉంటుందని కట్టింది తనే. విప్పి దూరంగా జరిపింది. పీక్ కాస్తా చతికిలపడింది. అయ్యో రామా, కవలలూ లేవు, గివలలూ లేవు! ఒక డిటెక్టర్ మోగితే ఆ కుదుపుకి పక్కది ఉలిక్కిపడుతోంది, అంతే.

ఎవరూ చెప్పకుండానే పేపరు పక్కన పెట్టేసింది. ఏడుపు మాత్రం ఆగలేదు.

"మీకు ముందే తెలుసు కదా సార్? తెలిసే ఈ పరీక్ష పెట్టారు."

"తెలియదమ్మా," అన్నారాయన. "నిజమైతే బాగుండునని నీకంటే నాకే ఎక్కువ ఆశ ఉంది. ఆశపడే కళ్లను నమ్మకూడదు, అందుకే తీగ తెచ్చాను."