వంత లేని నాట్ల పాట

ఒక ఊళ్లో నరసింగరావని ఒక ప్రెసిడెంటు ఉండేవాడు. వాన పడినా తను చెబితేనే పడిందనుకునే రకం. ఊరి నాట్ల పాటలన్నీ దాచాలని ఆయన ఓ హార్డ్ డిస్క్ కొన్నాడు.

"ఏ ఫార్మాట్ పెట్టమంటారు? ఒకటి అందరి కంప్యూటర్లలో తెరుచుకుంటుంది, ఇంకోటి ఈ ఊళ్లో మీ ఒక్కరి దాంట్లోనే" అన్నాడు కంప్యూటర్ మెకానిక్.

"నా దాంట్లోనే. వినాలనుకున్నవాళ్లు నా వసారాకి వస్తారు."

రికార్డింగుకి పాడడానికొచ్చిన సింగారమ్మ ఆ మాట విన్నది. ఏటా నాట్లలో ముందు గొంతు ఆమెదే. "అయితే నాట్లు కూడా మీ వసారాలోనే వేయించండి బాబుగారూ" అని, పాడడం మొదలుపెట్టింది. ప్రతి చరణం తర్వాతా కాసేపు ఊరుకుంది.

"మధ్యలో ఈ ఖాళీలేంటి?" అన్నాడు ప్రెసిడెంటు.

"అది వంత పాడేవాళ్ల చోటు. వాళ్లు మడిలో ఉన్నారు. మీరు మీ ఇంట్లోనే తెరుచుకునేలా పెట్టుకున్నారు, నేను మడిలోనే నిండేలా పాడాను."

నిజమేననిపించింది నరసింగరావుకి. ఫార్మాట్ మార్చమనడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది.

ఆ చలికాలంలో సింగారమ్మ పోయింది. మళ్లీ నాట్లొచ్చాయి. ముందు గొంతు లేక ఆడవాళ్లు మౌనంగా నాటుతున్నారు. నరసింగరావు వసారాలో ఒక్కడే కూర్చుని ఆమె పాట పెట్టాడు. సింగారమ్మ ఒక చరణం పాడి ఆగింది. ఆయన నోరు తెరిచాడు. ఏనాడూ మడిలో దిగినవాడు కాదు, వంత రాదు.

వంతకి పట్టేంత సేపు ఎదురుచూసి, సింగారమ్మ తర్వాతి చరణం ఎత్తుకుంది.