రాజుగారి పెట్టెలో వస్తాదులు

ఆ క్రికెట్ బొమ్మల కార్డుల డబ్బా అవతల పెట్టి ఇద్దరూ ఇటు జరగండి. చెల్లెలు ముట్టుకుంటే బొమ్మ నలిగిపోతుందిట, అందుకని దాని చెయ్యి గిల్లాడుట వీడు. పొద్దుటినించీ నాకు ఒళ్ళు మండిపోతోంది. కథ చెబుతాను గానీ ఇవాళ కోపంగానే చెబుతాను. ఊ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను, ఆనక మీ ఇష్టం.

అనగనగా ఏటిగట్టున ఒక ఊరు, ఆ ఊరికో రాజు, ఆ రాజుకి కుస్తీల పిచ్చి. ఎవరు కుస్తీ గెలిచినా చిత్రకారుణ్ణి పిలిచి బొమ్మ వేయించేవాడు. పాతగుడ్డ పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో అంటించి, ఎండబెట్టి, అరచేతిలో పట్టేంత ముక్కలు కోసి, వాటిమీద వస్తాదు బొమ్మ, ఆ పైన లక్కపూత. ముందువైపు మీసాలూ తొడలూ. వెనకవైపు ఏ ఊరివాడు, ఎవర్ని పడేశాడు. ఎంత ముచ్చటగా ఉంటాయి చెప్పండి. ఆ ముచ్చటంతా తీసుకెళ్ళి గంధపుపెట్టెలో పడేసి తాళం వేసేవాడు. ఇంకెవరికీ చూపించడు సరే, తనైనా చూసుకోవాలి కదా? చూసుకోడు. గాలి తగిలితే రంగు పోతుందిట. ఇలాంటివాళ్ళని చూస్తే నాకు ఎక్కడలేని కోపం వస్తుంది.

ఆయన కోడలు మాణిక్యాంబ. వస్తాదు కూతురు. ఆవిడ తండ్రి బుచ్చయ్య పోయి చాలాకాలమైంది, ఆయన బొమ్మా ఆ పెట్టెలోనే ఉంది. ఒక్కసారి మా నాన్న మొహం చూసుకుంటాను మామగారూ అని ఎన్నిమాట్లో అడిగింది. ఆయన వినిపించుకుంటేనా. మరి మొగుడు లేడా అంటారేమో, ఉన్నాడు. తండ్రి ముందు నోరెత్తని మనిషి. వాడి సంగతి నాచేత చెప్పించకండి.

ఊ కొడుతున్నారా లేదా?

ఆవిడకో కొడుకు, సోమన్న, ఆరేళ్ళవాడు. తాతగారి పెట్టె ఎలాగూ తెరుచుకోదని మాణిక్యాంబ పోకచెట్టు పట్టలు కత్తిరించి, తండ్రి నోట విన్న వస్తాదుల్ని బొగ్గుతో గీసి, కొడుకుతో ఆడేది. గోడకేసి విసిరి ఎవరిది దగ్గర పడితే వాళ్ళకి ముక్క. పైకెగరేసి మొహం పడుతుందో వీపు పడుతుందో ముందే చెప్పడం. అన్నీ బోర్లించి ఒకే ఊరివాళ్ళని వెతికి జత చెయ్యడం. అన్నిటికంటే వాడికిష్టం గొలుసాట. ఎవర్ని ఎవరు పడేశారో ఆగకుండా చెప్పాలి, ఆగితే ముక్క పోయినట్టే.

ఒకరోజు చిత్రకారుడు కొత్త ముక్క వసారాలో ఆరబెట్టాడు. అసలుది కంటబడితే పిల్లాడు ఆగుతాడా? తీశాడు, గోడకేసి విసిరాడు, మూల వంగింది. అంతే, రాజు అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. వీణ్ణి కొండల అవతల గురుకులంలో పడేయండి, పెళ్ళీడు వచ్చేదాకా నా కంటికి కనబడకూడదు అన్నాడు. ముక్క మూల వంగినందుకు! ఆరేళ్ళవాణ్ణి!

మాణిక్యాంబ ఏడవలేదు. ఏడుపు రాలేదావిడకి, కోపమే వచ్చింది. కొంగు బిగించి తిన్నగా కొలువులోకి వెళ్ళింది. మీ పెట్టెలో ఉన్న వస్తాదుల పేర్లు మీరు చెప్పండి, నా కొడుకూ చెబుతాడు, మీరు గెలిస్తే వాణ్ణి నేనే సాగనంపుతాను, వాడు గెలిస్తే వాడు నా దగ్గరే ఉంటాడు అంది. నలుగురిలో అడిగాక రాజు కాదనలేకపోయాడు. మీసం దువ్వుకుని మొదలెట్టాడు. ఒక పేరు చెప్పాడు, రెండో పేరు చెప్పాడు, మూడోది నోటిదాకా వచ్చి రాలేదు. ఆయన తాళం చూసుకున్నాడు గానీ ముక్కలెప్పుడు చూశాడు గనక.

అప్పుడు సోమన్న అందుకున్నాడు.

పెదలంక పెంటయ్యని పడేసింది కోడూరు కోటయ్య,
కోటయ్యని పడేసింది మల్లేల మాచయ్య,
మాచయ్యని పడేసింది రేవూరు రంగయ్య,
రంగయ్యని పడేసింది మా తాత బుచ్చయ్య,
బుచ్చయ్యని పడేసింది ఎవరయ్యా అంటే, ముసలితనంలో మళ్ళీ ఆ పెంటయ్యే!

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుకి ఆ కుస్తీలన్నీ కళ్ళకి కట్టాయి, కానీ ఒప్పుకుంటే పరువు పోదూ? పెట్టె తెప్పించండి, వెనక రాసినవి చదివి తేలుద్దాం అన్నాడు.

తెప్పించారు. తాళం తీశారు. మూత ఎత్తారు.

ముక్కలేవీ? లోపల ఇటుకలాంటిదొకటి ఉంది. ఏటిగాలి చెమ్మకి లక్క మెత్తబడి, ఏళ్ళతరబడి కదిపే చెయ్యి లేక, ముక్కలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. రాజు ఒకటి పట్టుకు లాగాడు. ఒకడి మీసం ఇంకొకడి వీపుకంటుకుని వచ్చింది. అడుగునెక్కడో బుచ్చయ్య బయటపడ్డాడు, భుజాలున్నాయి, మొహం లేదు.

మాణిక్యాంబ ఆ ముక్క చేతిలోకి తీసుకుని మామగారి కళ్ళలోకి చూసింది. మా నాన్న మొహం ఇక నాకెక్కడా లేదు అంది. గట్టిగా కూడా అనలేదు. రాజు తలెత్తలేకపోయాడు. సోమన్న ఎక్కడికీ వెళ్ళడు అని మాత్రం చెప్పి అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు.

పిల్లాడికి ఇవన్నీ ఏం తెలుసు? తాత ఏడుస్తున్నాడని పోకపట్ట ముక్కలు తెచ్చి ముందు పరిచాడు. తాతా, నీ వంతు అన్నాడు. రాజు ఆడాడు. ఓడిపోయాడు, మళ్ళీ ఆడాడు. ఆ తర్వాత కొత్తగా వేయించిన ముక్కలన్నీ పెట్టెలోకి కాదు, ఊళ్ళో పిల్లల చేతుల్లోకే వెళ్ళాయి. నలిగాయి, చిరిగాయి, మళ్ళీ వేశారు. అందరూ సుఖంగా ఉన్నారు.

మాణిక్యాంబకి కోపం పోయిందా అని అడుగుతున్నావా అమ్మడూ? పోలేదు. మామగారికి వేళకి అన్నం పెట్టింది, ఆటలోనూ కూర్చుంది, కోపం మాత్రం అలాగే ఉంచుకుంది. ఎందుకు పోవాలి?

బొమ్మలన్నాక నలుగుతాయిరా, మళ్ళీ వేసుకోవచ్చు. మనిషిని నలపకూడదు. వినబడిందా పెద్దోడా? దాని చెయ్యి ఇలా తే, ఎక్కడ గిల్లావో చూడు. ఎర్రగా ఉందా? ఉంటుంది. ఉఫ్ అని ఊదు. ఇంకోసారి ఊదు. కథ కంచిదారి పట్టింది, మీరు దుప్పట్లోకి పదండి.