క్లాసంతా జ్వరం

“అబద్ధమాడిన పిల్లని ఊరికే వదిలేస్తే, నిజం చెప్పండర్రా అని మిగతా పిల్లలతో ఇంక ఏ నోటితో అనను మాస్టారూ?”

రామమందిరం అరుగు మీద వకుళ ఈ ప్రశ్న అడిగింది, కోపంగానే. ఆమె ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. ఆ బళ్ళోనే అనంతాచార్యులు గారి దగ్గర చదువుకుని, ఆ బళ్ళోనే ఉద్యోగంలో చేరింది. మాస్టారు రిటైరయ్యాక సాయంత్రం పూట రాములవారి సన్నిధిలో మా నలుగురినీ కూర్చోబెట్టి పురాణం చెబుతున్నారు. పురాణమైతే గంటలకొద్దీ సాగుతుంది గానీ, ప్రశ్న అడిగితే మాత్రం ఆ నోరు తెరుచుకోదు. అడిగినవాళ్ళకి ఓ పనైనా అప్పగిస్తారు, లేదా తామే ఓ పని మీద బయల్దేరతారు. జవాబు దారిలో దొరుకుతుంది. దొరకనివాళ్ళు మర్నాడు వచ్చి మళ్ళీ అడుగుతారు. స్వామి దయవల్ల ఆయనకి ఓపిక జాస్తి.

ఇంతకీ జరిగింది వినండి. వకుళ క్లాసులో ఎస్తేరు అని ఓ పిల్ల ఉంది. తల్లీ తండ్రీ హైదరాబాదులో మట్టిపనికి పోతే అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. మంచి చురుకైంది. వచ్చే వారం జరిగే స్కాలర్‌షిప్ పరీక్షకి బడి పంపే పిల్లల జాబితాలో ఆమె పేరుంది. ఆ పరీక్ష గట్టెక్కితే హాస్టలుతో సహా పై చదువంతా ఉచితం. గట్టెక్కకపోతే అమ్మమ్మ వెంట మిరపకోతలకే. అలాంటి పిల్ల సోమవారం నాడు జ్వరమని ఇంగ్లీషులో సెలవు చీటీ పంపింది. ఆ సాయంత్రమే వకుళ పట్నం వెళ్తే, జామకాయల బండి పక్కన నిలబడి, ఉప్పూ కారం అద్దించుకుని కాయ కొరుకుతూ బస్సు కిటికీలోంచి కనబడింది. జ్వరం లేదు, గిరం లేదు!

మర్నాడు వకుళ నిలదీసింది. “నీకు జ్వరం వచ్చిందా, లేదా? ఆ ఒక్క మాట చెప్పు చాలు.”

“లేదు మేడం. మరేమో…”

ఆ ‘మరేమో’ తర్వాతది వకుళ వినిపించుకోలేదు. హెడ్‌మాస్టారు సుందరరావు గారైతే మండిపడ్డారు. “చదువు కంటే ముందు నడత ఉండాలమ్మా! పేరు కొట్టేద్దాం. క్లాసు టీచరువి గనక రేపు సాయంత్రంలోగా నీ మాట కూడా చెప్పు” అన్నారు.

“అందుకే అడుగుతున్నాను మాస్టారూ. కొట్టెయ్యమననా, వద్దననా?”

ఆచార్యులు గారు తులసిదళం కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. “రేపు మీ ఇంగ్లీషు పీరియడ్ ఎప్పుడమ్మా? నేనూ వచ్చి కూచుంటాను” అన్నారు. అంతే. వకుళకి ఒళ్ళు మండింది. తను ధర్మం అడిగితే ఈయన టైంటేబుల్ అడుగుతాడేమిటి! అయినా గురువుగారాయె, తలూపి వచ్చేసింది.

మర్నాడు మాస్టారు వచ్చేసరికి యూనిట్ టెస్టు దగ్గర పడిందని క్లాసంతా బట్టీ పడుతూ హోరెత్తిపోతోంది. పాత మాస్టారు వచ్చారని హెడ్‌మాస్టారు కూడా వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నారు. మాస్టారు పిల్లల్ని కలయజూసి, “ఏమర్రా, రేపు బడికి రాలేనంత పని మీలో ఎవరికైనా ఉందా? నిజమే చెప్పాలి. తెలుగులోనే చెప్పండి” అన్నారు.

ఇంకేముంది! “మా గేదె ఈనుతుందండీ!” అని ఓ గడుగ్గాయి లేచాడు. “మొన్నా అదే అన్నావు కదరా!” అన్నాడు పక్కవాడు. “మొన్న ఈనలేదురా. దానిష్టం గానీ నా ఇష్టమా?” ఒకమ్మాయి వాళ్ళక్క సీమంతమంది, గాజుల పళ్ళెం తనే పట్టుకోవాలట. ఇంకొకడి తమ్ముడికి పుట్టువెంట్రుకలు తీస్తారట, వీడు కూడా గుండు చేయించుకుంటే సైకిలు కొనిపెడతామన్నారట. మాస్టారు కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు.

“భేష్! ఇప్పుడిదే మీ మేడంగారికి ఇంగ్లీషులో విన్నవించుకోండి. గేదె అబ్బాయ్, ముందు నువ్వు.”

వాడు చేతులు కట్టుకున్నాడు. ఇందాకటి గొంతు ఎటు పోయిందో పోయింది. “రెస్పెక్టెడ్ మేడం, యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్…” అని ఒక్క గుక్కలో అప్పజెప్పేశాడు.

“అయ్యో, జ్వరమట్రా నీకు?” మాస్టారు వాడి నుదుటి మీద చెయ్యి వేసి చూశారు. “చల్లగానే ఉందే!”

సీమంతం పిల్ల లేచింది. ఆమెకీ జ్వరమే. గుండు కుర్రాడికీ జ్వరమే. మాస్టారు బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్క నుదురూ తాకి చూస్తున్నారు, ప్రతి నోటా అదే జ్వరం వస్తోంది. నవ్వకండమ్మా, ఆ క్లాసు కూడా మొదట మీలాగే నవ్వింది. కాసేపటికి ఊరుకుంది. ఎందుకంటే మాస్టారు నవ్వడం మానేశారు.

“ఇంకో కారణం చెప్పడం ఎవరికీ రాదట్రా?”

“జవాబుల కీలో జ్వరమే ఉంది సార్” అన్నాడు ముందు బెంచీవాడు, ఆయనకి తెలియదేమోనని జాలిపడుతూ. “వేరేది రాస్తే మార్కులు పోతాయి సార్.”

వకుళ కల్పించుకుంది. “అవును మాస్టారూ. సెలవు చీటీకి ఐదు మార్కులు. కీలో ఉన్నది కంఠతా పట్టిస్తే ఐదుకి ఐదూ వస్తాయి. సొంతంగా రాయమంటే ఒక్క వాక్యం తిన్నగా రాదు. రేపు రిజల్టు తగ్గితే అడిగేది నన్నే కదా!”

మాస్టారు నడుచుకుంటూ వెనక్కి వెళ్ళారు. చివరి బెంచీలో ఎస్తేరు దగ్గర ఆగారు. ఆ పిల్ల నుదురు మాత్రం తాకలేదు. “సోమవారం నీకేం పని పడిందమ్మా?”

“అమ్మమ్మకి పట్నం ఆసుపత్రిలో కంటి ఆపరేషనండీ. పక్కన మనిషి లేకపోతే చెయ్యం అన్నారంటండీ. నేనే ఆ మనిషినని వెళ్ళానండీ.”

“మరి ఆ మాటే రాయొచ్చు కదా?”

ఎస్తేరు మేడం వైపు చూసి తల దించుకుంది. “పోయిన నెల ప్రాక్టీసులో రాశానండీ, అమ్మమ్మకి చూపు ఆనడం లేదని. ఇంగ్లీషు సరిగ్గా రాలేదండీ. మేడం కొట్టేసి, ‘సొంత కవిత్వం వద్దు, చెప్పింది రాయి’ అన్నారండీ. జ్వరం చీటీ మళ్ళీ మళ్ళీ రాయించారండీ.”

వకుళకి గుర్తొచ్చింది. రెండు ముక్కలు చదివి, మిగతాది చదవకుండానే ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టేసింది. ఆ గీత కింద ఒక ముసలామె కళ్ళున్నాయని అప్పుడు చూడలేదు. రెండు రోజులుగా ఆ పిల్ల మీద మోస్తున్న కోపం ఇప్పుడెక్కడ దించుకోవాలో ఆమెకి తోచలేదు. గబగబా గుమ్మం దగ్గరికి వెళ్ళింది. “సార్, ఎస్తేరు పేరు ఉండనివ్వండి. పరీక్షకి పంపుదాం. క్లాసు టీచరుగా ఇదే నా మాట” అంది.

హెడ్‌మాస్టారు కండువా సవరించుకుంటూ లేచారు. “సరే, నువ్వంతగా అంటున్నావు గనక పంపుదాం. కానీ అబద్ధం అబద్ధమే కదమ్మా. శిక్షంటూ ఒకటి లేకపోతే బడి నడవదు. ఈ పూటంతా ఆ పిల్లని బెంచీ ఎక్కి నిలబడమను.”

ఎస్తేరు పుస్తకం మూసి పక్కన పెట్టింది. బెంచీ మీద కాలు పెట్టబోతుంటే మాస్టారి చెయ్యి అడ్డం వచ్చింది. ఇన్నేళ్ళుగా పురాణం వింటున్నాం, ఆయన ముఖం అంత ఎర్రబడడం మాలో ఎవరూ ఎరగం. ఆయన చెప్పులు విడిచారు. పంచె ఎగదోపారు. డెబ్బై దాటిన మోకాలు బెంచీ మీద ఆనించి, గుమ్మం వైపు చెయ్యి చాచారు.

“శిక్ష ఉండాల్సిందే. కాస్త చెయ్యందించండి హెడ్‌మాస్టారూ. వకుళా, నువ్వూ రా అమ్మా. ముందు ఈ జ్వరం నేర్పినవాళ్ళం ఎక్కుదాం. చోటు మిగిలితే అప్పుడు పిల్ల ఎక్కుతుంది.”