గవరయ్య కాలు మోపిన చోటు

పోలినాయుడు గారికి ఒక అలవాటు. ఎవరైనా కష్టమైన ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు చెప్పరు. "తెల్లారి సైకిలేసుకుని రా" అంటారు. డెబ్బై దాటినా ఆయనకు పెడలు తిరిగితే గాని ఆలోచన తిరగదని శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. ముత్తాతల కాలంలో చెరకు తోటల పనికి ఓడలెక్కిన మనవాళ్లు స్థిరపడ్డ దీవి వాళ్లది. అక్కడి పిల్లలకు తెలుగు అక్షరాలూ, పెద్దలకు భజనలూ, అందరికీ సైకిలూ నేర్పింది ఆయనే.

ఆ శిష్యుల్లో ఒకడైన గవరయ్య అడిగిన ప్రశ్న ఇది: "గురువుగారూ, పోయిన తండ్రి మీద వేసిన ఒట్టు తప్పొచ్చునా?"

పదకొండేళ్ల కిందట, తండ్రి పెద్దకర్మ నాడు, అక్క పైడితల్లితో మాటా మాటా పెరిగి, "నాన్న మీద ఒట్టు, ఇక నీ గడప తొక్కను" అనేశాడు. మనిషి మొండివాడే గాని ప్రేమ లేనివాడు కాదు. ప్రతి పండక్కీ ఆ వీధికి వెళ్లేవాడు. పనసపండో, చీరో పక్కింటావిడ చేతిలో పెట్టి, అక్క ఎలా ఉందో అడిగి, వీధిలోంచే తిరిగి వచ్చేసేవాడు. ఇప్పుడు అక్క మంచం పట్టింది. "తమ్ముణ్ణి ఒక్కసారి వచ్చి పొమ్మనండి" అని కబురు పంపింది. అది విన్న దగ్గర్నుంచి గవరయ్యకు ముద్ద గొంతు దిగడం లేదు.

దీవి నడుమ ఉన్నది చల్లారిన నిప్పుకొండ. సముద్రపు ఒడ్డు నుంచి శిఖరం దాకా ముప్పై కిలోమీటర్ల ఎక్కుడు, ఊపిరి తీసుకోవడానికైనా చదునుండదు. అక్కడి సైకిలువాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. కింద సముద్రంలో పాదాలు తడిపి పెడలెక్కితే, శిఖరం చేరేదాకా కాలు నేల మోపకూడదు. మోపకుండా చేరినవారి పేరు పైన టీకొట్టు పలక మీద రాస్తారు. మోపినవారు పైకి వెళ్లినా వెళ్లనట్టే. గురువుగారి పేరు అక్కడ ఎప్పుడో ఎక్కింది. గవరయ్య మూడుసార్లు ప్రయత్నించి మూడుసార్లూ మోపాడు. యాభై ఏళ్లొచ్చినా ఆ పలక మీద పేరు చూసుకోవాలని చిన్నపిల్లాడంత ఆశ.

ఆ ఉదయం ఇద్దరూ పాదాలు తడిపి బయల్దేరారు. చెరకు తోటలు అయిపోయాయి. చెట్లు పొట్టివవుతూ వచ్చి, చివరికి నల్లరాయే మిగిలింది. ఇరవై అయిదో కిలోమీటరు రాయి దాటేసరికి గవరయ్య తొడలు మండిపోతున్నాయి. లోపల మాత్రం సంబరంగా ఉంది, ఇంత దూరం ఎన్నడూ ఆగకుండా రాలేదు. అప్పుడే వెనక టక్కుమని చప్పుడైంది. గురువుగారి సైకిలు చైను ఊడింది. సరిగ్గా రోడ్డు వెడల్పుగా ఉన్న ఆ మలుపులోనే ఎలా ఊడిందో నన్నడక్కండి.

గవరయ్య దిగలేదు. మలుపులోనే సైకిలు తిప్పి ఆయన చుట్టూ తిరగసాగాడు.

"వెనక గేరు ముందుకు నెట్టండి గురువుగారూ, చైను వదులవుతుంది" అన్నాడు మొదటి చుట్టులో. "ముందు కిందివైపు పళ్లకు తగిలించండి" అన్నాడు రెండో చుట్టులో. మూడో చుట్టులో ఆగకుండానే చెయ్యి చాచి మంచినీళ్ల సీసా అందించాడు. పెద్దాయన సీసా పుచ్చుకుని పక్కన పెట్టారు. ఆయనకు చూపు ఆనడం లేదు. నాలుగో చుట్టులో ఆయన వేలు చైనుకూ పళ్లచక్రానికీ మధ్య నలిగింది. అబ్బా అని కూడా అనకుండా వేలు నోట్లో పెట్టుకున్నారు.

మరుక్షణం గవరయ్య ఆయన పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేలు కడిగాడు, తువ్వాలు చింపి కట్టు కట్టాడు, చైను ఎక్కించి పెడలు తిప్పి చూశాడు. చేతులు తుడుచుకుంటూ కిందికి చూస్తే రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి.

"పోయిందండి" అన్నాడు మెల్లగా.

"దిగేటప్పుడు బాధనిపించిందా?"

"గుర్తే లేదండి. మీ వేలే కనబడింది."

"నా చుట్టూ ఎన్నిసార్లు తిరిగావు?"

"నాలుగుసార్లండి."

"నాలుగే. నేను అదృష్టవంతుణ్ణి" అన్నారు గురువుగారు.

గవరయ్యకు అక్క వీధి కళ్ల ముందు కదిలింది. పక్కింటావిడ చేతిలో పెట్టిన పనసపళ్లన్నీ గుర్తొచ్చాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. శిఖరం వంక ఒక్కసారి చూసి, సైకిలు కిందివైపు తిప్పాడు. అంతలోనే నల్లబడ్డ తన చేతులు చూసుకుని తటపటాయించాడు.

"ఇంటికెళ్లి చేతులు కడుక్కుని, అక్కణ్ణుంచి వెళ్తానండి."

"వద్దు" అన్నారు పోలినాయుడు గారు. "మీ అక్క గుమ్మంలో చెంబుతో నీళ్లు పెట్టించే ఉంటుంది."