తుపాకి మూతిలో ఎర్రద్దం

సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో నకళ్లు చేసే మనిషి ఒకడు ఉండేవాడు. అతను నకలు చేసేది ఒకే ఒక్క వస్తువుకి. ఎప్పుడో వచ్చిన సినిమాలో, వేరే నక్షత్రం నుంచి దిగిన వీరుడి చేతిలో ఉండే కిరణాల తుపాకి అది. సినిమాలో దాని మూతి ఎర్రగా వెలిగిందంటే ఎదుటివాళ్లు బూడిదైపోవాల్సిందే. బయట దాంతో దోమ కూడా చావదు.

అసలు తుపాకి చేసినాయన చేతికందిన సామానుతోనే దాన్ని చేశాడు. సైకిలు పంపుని కోసి గొట్టం చేశాడు. పాత కెమెరా ఫ్లాషు పిడిని తుపాకి పిడి చేశాడు. పాడైపోయిన రేడియోలోంచి రేకులు ఊడదీసి పక్కలకి అతికించాడు. షూటింగులో ఎవరో చెయ్యి జార్చడంతో పిడి మీద గీత పడింది. ఇప్పుడు నకళ్లు చేసే ప్రతివాడూ బంగారంలాంటి పిడి వెతికి తెచ్చి, ఆకురాయితో దాని మీద ఆ గీత గీసి మరీ మురిసిపోతాడు. ఇలాంటివాళ్లకి ఏం చెప్పగలం?

వాళ్లకో సంఘం కూడా ఉంది. ఏడాదికోసారి పట్నంలో సభ పెట్టుకుంటారు. అక్కడొక కట్టుబాటు. ప్రతి తుపాకినీ బల్ల మీద విప్పి పెట్టాలి. ప్రతి భాగమూ అసలు వస్తువులోంచి తీసిందే అయ్యుండాలి. అచ్చు తీసి పోత పోసింది ఒక్కటి కనబడినా ఆ తుపాకిని బల్ల మీంచి దించేస్తారు.

మూతికున్న ఎర్రద్దం ఎక్కడిదో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. దాని మీద గుండ్రంగా, మెట్లు మెట్లుగా గీతలుంటాయి. నకళ్ల మనిషి ఆ గీతల్ని తన ఊళ్లోనే గుర్తుపట్టాడు. రేవు మలుపులో రాళ్ల మీద కిరసనాయిలు దీపం ఒకటుంది. దాని అద్దానికి అవే గీతలు. అలాంటి అద్దం ఆ తీరంలో మరొకటి మిగల్లేదు. దీపం చూసుకునే ఆవిడని అడిగి, మైనంతో దానికి అచ్చు తీసుకున్నాడు. గాజులా గట్టిపడే ఎర్ర జిగురు అందులో పోశాడు. కంటికి తేడా తెలియదు. కానీ సంఘంవాళ్లు గోటితో తట్టి చూసి, "పోత" అనేశారు. అంతమందిలో తుపాకిని సంచిలో వేసుకుని వచ్చేసిన అవమానం ఏడాది పొడుగునా అతన్ని తినేసింది.

ఈసారి సభకి అసలు తుపాకి చేసిన ముసలాయనే వస్తున్నాడని తెలిసింది. తన తుపాకి ఆయన చేతిలో పెట్టాలి. ఆయన నోటితో "ఇది నాదే" అనిపించుకోవాలి. నకళ్ల మనిషికి ఇక లోకంలో ఇంకేమీ అక్కర్లేకపోయింది.

దీపం దగ్గరికి వెళ్లాడు.

"ఏటి తమ్ముడూ, మళ్లీ అచ్చు కావాలా?" అందావిడ ఒత్తి కత్తిరిస్తూ.

"లేదక్కా. అద్దం మసిబారింది. తుడిచిపెడతాను."

"తుడు, పుణ్యముంటాది. మీ బావ పడవ ఈ ఎర్ర ఎలుగు చూసే మలుపు తిరుగుతాది. ఎలుగు కనబడకపోతే రాళ్ల మీదకే."

ఆవిడ నూనె డబ్బా తేవడానికి లోపలికెళ్లింది. అతను అద్దం ఊడదీసి సంచిలో వేసుకుని, దాని చోట్లో తన పోత అద్దం బిగించాడు. దీపం పెట్టేదాకా కూర్చుని చూశాడు. ఎర్రగానే వెలిగింది. సభ అవగానే తెచ్చి పెట్టేస్తాను కదా అనుకున్నాడు. మనసుని ఒప్పించడం అంత కష్టమేం కాలేదు.

సభలో గోటితో తట్టినవాళ్లంతా ఈసారి తలలూపారు. తుపాకి ముసలాయన చేతికి వెళ్లింది. ఆయన దాన్ని కాసేపు ఎత్తి పట్టుకున్నాడు.

"బరువుగా ఉందే."

"అసలద్దం అండీ. మీరు వాడిందే," అన్నాడు నకళ్ల మనిషి.

"నేను అద్దమెక్కడ వాడాను? రేవు దీపానికి అచ్చు తీసి జిగురు పోశాను. అద్దమే ఊడదీసుకు రమ్మన్నాడు సినిమా తీసినాయన. పడవలకి దారెలా తెలుస్తుందని నేనే వద్దన్నాను." ముసలాయన అద్దాన్ని తడిమి, అతని మొహంలోకి చూశాడు. "ఇది దీపం మీదదేనా? మరి అక్కడేముంది బాబూ?"

బయట గాలివాన మొదలైంది. నకళ్ల మనిషి తుపాకి మూతిలోంచి అద్దం ఊడబెరుక్కుని, తుపాకిని అక్కడే వదిలేసి బస్టాండుకి పరిగెత్తాడు.

రేవు చేరేసరికి తెల్లారింది. వాన వెలిసింది. రాళ్ల మధ్య పడవ చెక్కలు తేలుతున్నాయి. ఆవిడ దీపం పక్కన కూర్చునుంది. అప్పటికే ఏడ్చి ఏడ్చి ఊరుకుంది.

"గాలి ఎక్కువైందని ఒత్తి పెంచాను తమ్ముడూ. మీ బావకి బాగా కనబడాలని ఇంకా పెంచాను. అద్దం కరిగి మంట మీదకి జారి, దీపం ఆరిపోయింది. గాజు కరుగుతాదా?"

అతను సంచిలోంచి అద్దం తీశాడు. ఆవిడ దాన్ని చూసింది, అతన్ని చూసింది. అద్దం అందుకుని తనే దీపానికి బిగించింది. ఒక అంచు కరిగి నల్లబడ్డ జిగురు బిళ్లని అతని చేతిలో పెట్టింది.

"నీది నువ్వు పట్టుకుపో."

కొన్నాళ్లకి సంఘంవాళ్లు అతను వదిలేసిన తుపాకి తీసుకుని ఇంటికొచ్చారు. ముసలాయన చెప్పాక కట్టుబాటు మార్చేశారట. మూతికి ఇక జిగురద్దమే ఉండాలట. "నీ దగ్గర పోత అద్దం ఉండాలి కదా," అన్నారు. అతను ఆ బిళ్ల తెచ్చి ఇచ్చాడు. వాళ్లు దాన్ని మూతిలో నొక్కి బిగించారు.

"ఇప్పుడు అచ్చం అదే. ఎంత తేలిగ్గా ఉందో చూడండి," అంటూ ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకున్నారు. చివరికి అతని చేతికిచ్చారు. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా మోయలేకపోయాడు. తుపాకి నేల మీద పడి, పిడి మీద పాత గీత పక్కనే కొత్త గీత పడింది.

మరుసటి ఏడు సభకి వచ్చిన తుపాకులన్నిటికీ రెండేసి గీతలున్నాయి.