రెండు కుండలకీ బొట్టు

అనగనగా గోదారి నడిమధ్యలో ఒక లంక, ఆ లంకలో ఒక ఊరు. కాళ్ళు ఆడించకు చిన్నీ, దుప్పటి జారిపోతోంది. ఊఁ కొట్టు మరి.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. ఊరందరి పని ఏదైనా వస్తే ఏటిగట్టు మీద సభ పెట్టేవారు. అక్కడ రెండు కుండలు ఉండేవి. ఒకటి ఔననే కుండ, ఒకటి కాదనే కుండ. పెద్దవాళ్ళందరూ, ఆడా మగా, తలో చింతపిక్క తెచ్చి తమకి నచ్చిన కుండలో వెయ్యాలి. ఎందులో ఎక్కువ పిక్కలు పడితే ఊరు ఆ మాట వినాలి. ఎంత మంచి పద్ధతో చూడు!

కానీ అందులో ఒక తిరకాసు ఉంది. ఆ కుండలు పెట్టేది పెద్దింటి బుల్లెబ్బాయిగారు. ఆయన ఔననే కుండకి పసుపు రాసి, ఇంత కుంకం బొట్టు పెట్టేవాడు. కాదనే కుండని ఉత్తదిగా వదిలేసేవాడు. బొట్టు లేని కుండలో చెయ్యి పెడితే ఇంటికి కీడని జనానికి భయం. అందుకని అందరూ బొట్టు కుండలోనే వేసేసి ఇళ్ళకి పోయేవారు. ఆయన ఏం అడుగుతున్నాడో సరిగ్గా వినేవారు కూడా కాదు.

మొదటిసారి ఆయన, "పచ్చిక బయల్లో అరటితోట వేసుకుంటాను" అన్నాడు. పిక్కలన్నీ బొట్టు కుండలో పడ్డాయి. ఆ తర్వాత ఊళ్ళో ఆవులకీ గేదెలకీ మేత లేకుండా పోయింది.

రెండోసారి, "దగ్గర రేవు నా పడవలకి కావాలి" అన్నాడు. మళ్ళీ అంతే. ఆ తర్వాత ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఊరంతా చుట్టి వెళ్ళి నీళ్ళు తెచ్చుకున్నారు. తిట్టుకుంటూనే తెచ్చుకున్నారు. కానీ ఎవర్ని తిడతారు? పిక్క వేసింది తామే కదా!

ఆ సభని ఒకావిడ వెనకాల నిలబడి చూసింది. ఆవిడ పేరు దయామణి, ఊరి బళ్ళో టీచరు. ఆ బడి ఏ ఒక్కరి సొంతమూ కాదు. ఊరివాళ్ళు తలో వాసం, తలో తాటాకు మోపు తెచ్చి కట్టుకున్నది. పెద్దింటి పిల్లలూ, పాలేరు పిల్లలూ ఒకే చాప మీద కూచునేవారు.

మర్నాడు టీచరు బళ్ళో రెండు కుండలు పెట్టి, ఒకదానికి బొట్టు పెట్టింది. "వెయ్యండర్రా పిక్కలు!" అంది. పిల్లలు ఎగబడి అన్నీ బొట్టు కుండలోనే వేశారు. అప్పుడు టీచరు చేతులు దులుపుకుని, "సరే, మీరే చెప్పారు. ఇవాళ ఆటల్లేవు, అన్నీ ఎక్కాలే" అంది.

పిల్లలు లబోదిబోమన్నారు. "ముందే చెప్పలేదేం టీచర్?"

"మీరు అడగలేదేం?" అంది ఆవిడ.

నవ్వుతున్నావా? నువ్వూ అదే కుండలో వేసుండేదానివి!

ఆ రోజు నుంచీ బళ్ళో రెండు కుండలకీ బొట్టు పెట్టేవారు. ఇది దేనికి, అది దేనికి అని అడిగి, అప్పుడు పిక్క వేసేవారు. ఏ ఆట ఆడాలన్నా అంతే, మొక్కలకి నీళ్ళెవరు పొయ్యాలన్నా అంతే.

ఆ బళ్ళో వరాలు అని ఒక పిల్ల ఉంది, నీ ఈడుదే. దానికి అమ్మమ్మ గంగాయమ్మ ఒక్కతే దిక్కు. తాతయ్య పోయాక గంగాయమ్మ బొట్టు తీసేసింది. తన ఎదురు మంచిది కాదని జనం అనుకుంటారని, సభలో అందరికంటే వెనక నిలబడేది. ఆఖరున వచ్చి, తనూ బొట్టు కుండలోనే వేసి వెళ్ళిపోయేది.

ఇంతలో మూడో సభ వచ్చింది. బుల్లెబ్బాయిగారు లేచి, "వానకి నా కొబ్బరికాయలు తడిసిపోతున్నాయి. ఆ బడి పాక నాకిచ్చెయ్యండి" అన్నాడు.

అమ్మమ్మతో సభకొచ్చిన వరాలు ఆ మాట వింది. ఆ బడి పోతే ఇంకో బడి ఏటికి అవతల ఉంది. ఆడపిల్లని రోజూ పడవెక్కించి పంపేదెవరు? దాని చదువు అక్కడితో సరి.

జనం అలవాటుగా పిక్కలు పట్టుకుని లేచారు. అప్పుడు వరాలు ముందుకొచ్చి, "ఏవండీ, రెండో కుండకి బొట్టెందుకు లేదండీ?" అంది.

అందరూ ఆగిపోయారు. బుల్లెబ్బాయిగారు చిరాకు పడ్డాడు. "కాదనే కుండకి బొట్టేంటే? చెయ్యి పెడితే కీడు! తప్పుకో!"

అప్పుడు వెనక నుంచి గంగాయమ్మ కదిలింది. జనాన్ని తప్పించుకుంటూ కుండల దగ్గరికొచ్చి నిలబడింది.

"బొట్టు లేని దాన్ని నేనూ ఉన్నానండీ. మీ పిల్లలకి లాల పోశాను, మీ ఇళ్ళల్లో పురుళ్ళు పోశాను. నా చెయ్యి తగిలి ఎవరికైనా కీడొచ్చిందా? చెప్పండి."

ఆవిడ బుల్లెబ్బాయిగారి వైపు తిరిగింది.

"కాయ తడిస్తే ఎండేసుకోవచ్చు బాబూ. పిల్లల చదువు పోతే ఎక్కడ ఎండేస్తాం?" అని, గంగాయమ్మ చెయ్యి చాపి ఉత్త కుండలో పిక్క వేసింది. ఖాళీ కుండేమో, ఆ చప్పుడు అందరికీ వినపడింది.

ఆ తర్వాత గేదెల వాళ్ళు వచ్చారు. ఆ తర్వాత బిందెల వాళ్ళు వచ్చారు. ఆ తర్వాత ఇంకెవరూ ఆగలేదు. బొట్టు కుండలోనూ కాసిని పడ్డాయిలే. అదీ ఉండాలి మరి, ఎవరిష్టం వాళ్ళది. కానీ ఉత్త కుండ నిండి పిక్కలు కింద దొర్లాయి. బడి బతికింది.

బుల్లెబ్బాయిగారు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. రేవూ, పచ్చిక బయలూ వెంటనే వచ్చేశాయా అంటే, రాలేదు. వాటికి మళ్ళీ సభలు పెట్టుకోవాలి. అయితే ఆ వచ్చే సభకి ముందు ఊరివాళ్ళు గంగాయమ్మ ఇంటికెళ్ళి, "అత్తా, కుండలకి నువ్వే బొట్టు పెట్టాలి" అని పిలిచారు. పెద్దింటివాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. అయినా గంగాయమ్మ వెళ్ళింది. రెండు కుండలకీ సమానంగా పెట్టింది. వరాలు పక్కన కుంకం భరిణె పట్టుకుంది.

ఏంటి, నా మొహం అలా తడుముతున్నావు? అవునమ్మా, నాకూ లేదు బొట్టు. రోజూ నా పక్కలోనే పడుకుంటున్నావుగా, నీకేమైనా అయిందా? లేదుగా. ఇంక కళ్ళు మూసుకో, పొద్దున్నే బడికెళ్ళాలి. ఏం చెప్పినా ఎందుకని అడగాలి.

పిక్క వెళ్ళె కుండలోకి,
పిల్ల వెళ్ళె బడిలోకి,
కథ వెళ్ళె కంచిలోకి,
నువ్వు రావే నా ఒడిలోకి.